నా నడకను ఎవరూ నమ్మలేదు

మా అంగట్లో మంచినీళ్ళ కుండ మిట్టమధ్యాహ్నం కాకముందే ఖాళీ అయిన రోజున నాకు జబ్బు చేసిందని అనుకోలేదు. గుమాస్తా మీద అనుమానపడ్డాను.

ఆత్మకూరు బజారులో మాది కిరాణా అంగడి. అప్పటికి ఎండలు కూడా ముదరలేదు. పొద్దున నిండుగా ఉన్న కుండ రోజూ ఇట్లా అడుగంటుతుంటే, ఇతనెవరికో నీళ్ళు పోస్తున్నాడని తోచింది. నీళ్ళు పోసేవాడు రేపు పప్పు మాత్రం పోయడా? అతను కుండ దగ్గరికి పోయినప్పుడల్లా ఓరకంట కనిపెడుతూ కూర్చున్నాను. అతను పోయింది నాకు చెంబు నింపి తేవడానికే. తాగింది నేను. సాయంత్రానికి దొంగ దొరికాడు కానీ, ఆ దొంగకు దాహం మాత్రం తీరలేదు.

అప్పటినుంచి నా మీద నాకే నిఘా మొదలైంది. తిండి రెట్టింపైంది, పంచె మాత్రం నడుము దగ్గర వదులవుతోంది. పెరట్లో నేను పోసిన చోట చీమలు బారులు తీరాయి. నా భార్య అది చూసి చెంబెడు నీళ్ళు గుమ్మరించింది. తరవాత, "మామకు కూడా కడాన ఇట్లే చీమలు పట్టినాయని అత్త చెప్పేది" అన్నది. మా నాయన యాభై నిండకుండానే, కాలు కుళ్ళి పోయాడు. నాకూ యాభై దగ్గర పడుతున్నాయి. నాకు భయం వేసింది. మరుసటి రోజే నెల్లూరు బస్సెక్కాను.

నెల్లూరు డాక్టరు నా మూత్రం చుక్కలు కొన్ని గాజు గొట్టంలో నీలం మందులో వేసి స్పిరిట్ దీపం మీద కాచాడు. నీలం పోయి ఆకుపచ్చ వచ్చింది. పసుపు వచ్చింది. చివరికి ఇటుక రంగుకు తిరిగింది. రంగులు మార్చే విద్య కిరాణా వ్యాపారికి తెలియనిది కాదు. ఆ మందులోనే ఏదో మర్మం ఉందేమోనని నాకు తోచింది. తోడు వచ్చిన గుమాస్తాది కూడా కాచి చూపించమని అడిగాను. డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, అదీ కాచాడు. అది నీలంగానే ఉండిపోయింది.

"డయాబెటిస్. యూరిన్‌లో షుగర్ ఫుల్‌గా ఉంది. ఇన్సులిన్, డైట్, వాకింగ్, ఈ మూడూ కావాలి. ఒకటి మానితే మిగతా రెండూ దండగ" అన్నాడు.

ఇన్సులిన్ అంటే అర్థమైంది, అది మందు. డైట్ అంటే నోరు కట్టుకోవడం, అదీ అర్థమైంది. నడవడానికి డాక్టరు ఎందుకో అర్థం కాలేదు. మందు తెలియనివాడే నడవమని చెప్పి పంపిస్తాడని నా అనుమానం. పైగా నడక మా వృత్తికే విరుద్ధం. వ్యాపారంలో కూర్చున్నవాడికే గిరాకీ. పొద్దున బోణీ యజమాని చేతి మీదుగా జరగాలి. సాయంత్రం దీపం పెట్టే వేళకు యజమాని అంగట్లో ఉండాలి, లేకపోతే లక్ష్మి గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోతుందని మా అవ్వ చెప్పేది. నడిమధ్యన ఎండ. ఇక మిగిలింది తెల్లవారుజాము ఒక్కటే.

సరే, వేకువనే లేచి ఇన్సులిన్ వేయించుకుని, ఊరు దాటి తోటల వైపు నడవడం మొదలుపెట్టాను. రెండో వారంలోనే ఒకనాడు దారిలో ఒళ్ళంతా చెమట పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగి మోరీ గట్టున కూలబడ్డాను. పాల కావడి మోసుకొస్తున్న మనిషి చూసి, తన దగ్గరున్న బెల్లం ముక్క నోట్లో పెట్టాడు. కాసేపటికి లేచి కూర్చున్నాను. డాక్టరు నాకు విషం ఎక్కించాడనే అనుకున్నాను. నెల్లూరు పోయి నిలదీస్తే ఆయన తాపీగా, "దాన్ని హైపో అంటారు. ఇన్సులిన్ వేసుకుని తినకుండా నడిస్తే షుగర్ పడిపోతుంది. ఏదన్నా కాస్త తిని నడవండి. పటికబెల్లం రొండిన పెట్టుకోండి" అన్నాడు. తీపి ముట్టవద్దన్న నోరే తీపి కట్టుకు తిరగమంటుంటే నమ్మడమెట్లా? అయినా ప్రాణభయం కొద్దీ చిన్న సంచి కుట్టించి రొండిన దోపుకున్నాను.

అవి కంట్రోలు రోజులు. కిరసనాయిలు, చక్కెర, గుడ్డ అన్నీ కార్డు మీదే ఇవ్వాలి. షావుకారు అనేవాడు ఎక్కడో సరుకు దాచే ఉంటాడని ఊరందరి నమ్మకం. అట్లాంటి రోజుల్లో ఒక కోమటి చీకటితో లేచి, ఒంటరిగా ఊరు దాటి, మాటిమాటికీ రొండిన తడుముకుంటూ తోటల వైపు పోతుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? రొండిన ఉన్నది గిడ్డంగి తాళంచెవి అన్నారు. అక్కడున్న మా తోటలో బావి పక్కన కిరసనాయిలు డబ్బాలు పాతిపెట్టాడన్నారు. నా ఇంట్లోనూ అనుమానం లేకపోలేదు. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవని నా భార్య ఒకటి రెండుసార్లు గోడకు చెప్పినట్టు చెప్పింది. ఆ తోటల దగ్గర ఎవరుంటారని వంటింట్లో వాకబు చేసిందని నాకు తరవాత తెలిసింది.

చివరికి కంట్రోలు ఆఫీసరు వచ్చాడు. నేను నడిచే దారంతా నడిచి, మా తోటలో గడ్డివాము కుళ్ళగించి చూశాడు. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకకపోవడం నా నిజాయితీకి రుజువు కాలేదు, నా తెలివికి రుజువైంది. శెట్టి ముందే సర్దేశాడన్నారు బజారులో. ఇక ఈ నడక నాకెందుకని మానేశాను. నిజం చెప్పాలంటే ప్రాణం హాయిగా ఉండింది. వేకువన దుప్పటి కప్పుకుని పడుకోవడానికి నాకు పెద్దమనిషి తరహా కారణం ఒకటి దొరికింది.

ఆ హాయి ఏడాది కూడా నిలవలేదు. ఒకరోజు స్నానానికి లేస్తే నా భార్య నేల చూపించి, రక్తం ఎవరిదని అడిగింది. అడుగులు పెరటి నుంచి పడమటింటి దాకా ఎర్రగా ఉన్నాయి. అవి నావే. ఎడమ పాదంలో తుమ్మముల్లు సగం దిగి విరిగి ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో నాకు తెలియదు. ముల్లు దిగినా తెలియని కాలు అసలు నాదేనా అని భయం వేసింది. పసుపు పెట్టాము, ఆకు పసరు పోశాము. చిటికెన వేలూ దాని పక్క వేలూ నల్లబడ్డాయి. వాసన మొదలయ్యాక నెల్లూరు తీసుకుపోయారు.

"గ్యాంగ్రీన్. వేళ్ళు రెండూ తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే మోకాలి దాకా పోతుంది" అన్నాడు డాక్టరు.

ఆపరేషన్ కోసమే అట్లా చెబుతున్నాడని నాకు అనిపించింది. ఇంకో ఇద్దరికి చూపించాను. వాళ్ళూ ఆ మాటే అన్నారు. ముగ్గురూ కూడబలుక్కున్నారేమోనని ఆ జ్వరంలో కూడా ఆలోచించాను. మా నాయన మంచం మీద పడి ఉన్న తీరు గుర్తుకొచ్చి ఒప్పుకున్నాను. రెండు వేళ్ళు తీశారు. పెన్సిలిన్ సూదులు పొడిచారు. రెండు నెలలకు పైగా ఆసుపత్రి మంచం మీదే ఉన్నాను. గాయం మానినాక పంపిస్తూ డాక్టరు నా కళ్ళలోకి చూసి, "ఇక నేను చేసేదేం లేదు. కాళ్ళకు స్పర్శ పోయింది కాబట్టి నేల చూసుకుంటూ నడవండి. రోజూ అరికాళ్ళు చూసుకోండి. నడిస్తే కాలు ఉంటుంది. మానితే మళ్ళీ నా దగ్గరికే వస్తారు" అన్నాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. వచ్చిన గిరాకీని మళ్ళీ రావద్దని చెప్పే వ్యాపారి ఎక్కడా ఉండడు. తనకు నష్టం వచ్చే మాట చెప్పాడంటే అది నిజమై ఉండాలి. డాక్టర్లు చెప్పినవాటిలో నేను మనసారా నమ్మింది అదొక్కటే.

ఆత్మకూరులో నడిచే ముఖం లేదు. అంగడి మా పెద్దబ్బాయికి అప్పగించి ఉదయగిరిలో మా అక్క ఇంటికి వెళ్ళాను. అక్కడ నాకు బోణీ లేదు, దీపం వేళ లేదు, కంట్రోలు సరుకు అంతకన్నా లేదు. ఇన్సులిన్ సీసా తడి ఇసుక కుండలో పెట్టుకునేవాణ్ణి. డిస్పెన్సరీ కాంపౌండరు పొద్దున్నే వచ్చి సూది వేసేవాడు. మెత్తటి తోలుతో, లోపల దూది పెట్టి చెప్పులు కుట్టించుకున్నాను. బజారు దాటి కొండ మొదట్లో మెట్ల దాకా పోవడం, ఒక రాతి మీద కూర్చుని చెప్పులు విప్పి అరికాళ్ళు తడిమి చూసుకోవడం, తిరిగి రావడం. ముళ్ళూ రాళ్ళూ ఉన్న దారి కాబట్టి తల వంచి నేల చూస్తూ, పాములుంటాయని కర్రతో ముందు పొడుస్తూ నడిచేవాణ్ణి.

నేను మరిచిపోయిందల్లా అది ఉదయగిరి కొండ అని. ఆ కోటలో రాజులు లంకెబిందెలు దాచి పోయారనీ, వాటికి గుర్తులు రాళ్ళ మీద ఉన్నాయనీ అక్కడ తల్లిపాలతో నేర్చుకుంటారు. ఎక్కడినుంచో వచ్చిన షావుకారు వేకువనే ఒంటరిగా కొండ దగ్గరికి పోయి, నేలంతా వెతికి, కర్రతో పొడిచి, రోజూ ఒకే రాతి దగ్గర వంగి ఏదో తడుముతున్నాడంటే ఇక చెప్పేదేముంది?

నా వెనక ఎవరో వస్తున్నారని వారం లోపలే తెలిసింది. పెంచలరెడ్డి అని, అరవై ఏళ్ళ మనిషి, భారీ విగ్రహం. వరికుంటపాడు వైపు ఆయనకు మాగాణి మెట్ట రెండూ ఉన్నాయి. ఊళ్ళో పంచాయితీ ఏదైనా ఆయన అరుగు మీదే తెగాలి. నేను ఆగితే ఆయన ఆగేవాడు, వేపపుల్ల విరిచేవాడు. అన్ని వేపచెట్లుండగా రోజూ నాకు కాస్త వెనకగా ఉన్న చెట్టే ఆయనకు కావలసి వచ్చేది. కొన్నాళ్ళకు దాపరికం మాని పక్కకు వచ్చేశాడు.

"ఏం శెట్టీ, నేలంతా వెతుకుతుండావు. ఏమన్నా పోయిందా?" అన్నాడు.

"రెండు వేళ్ళు పోయినాయి రెడ్డిగారూ. మిగతావి పోకుండా చూసుకుంటా ఉండాను" అన్నాను.

ఆయన మర్మం తెలిసినవాడిలా తల ఊపాడు. ఆ సాయంత్రానికి బజారులో, శెట్టికి రెండు బిందెలు దొరికి చేజారాయట, మిగతావాటి కోసం వెతుకుతున్నాడట అని చెప్పుకున్నారు. ఒట్టు పెట్టి చెబితే అనుమానం ఇంకా బలపడేది. అబద్ధమైతేనే ఒట్టు పెడతాడనే లెక్క నాకూ తెలుసు, నేను అట్లాగే ఆలోచిస్తాను కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేకపోయాను. ఇంకో ఇద్దరు పెద్దమనుషులు కూడా పొద్దున్నే కొండ గాలి మంచిదని మా వెనక రావడం మొదలుపెట్టారు. వాళ్ళకు నా మీద నిఘా, రెడ్డికి వాళ్ళ మీద నిఘా.

ఇక్కడ ఒక చిత్రం జరిగింది. ఆత్మకూరులో నేను నడిస్తే అనుమానించారు. ఉదయగిరిలో నడవకపోతే అనుమానించారు. ముసురు పట్టిన రోజుల్లో, బద్ధకంగా ఉన్న రోజుల్లో పడుకుందామంటే వీలు లేదు. తెల్లవారేసరికి పెంచలరెడ్డి మా అక్క ఇంటి అరుగు మీద ఉండేవాడు. "ఏం, మమ్మల్ని ఏమార్చి ఒక్కడివే పోదామనుకుంటివా?" అనేవాడు. నేను పోకపోతే నిధి దొరికిందనీ, తెచ్చి అక్క ఇంట్లో పాతేశాననీ అనుకుంటారు. ఇల్లు తవ్వుతారేమోనని అక్క నన్ను తిట్టి పంపేది. అట్లా రెండు ఎండాకాలాలు ఒక్క పూట మానకుండా నడిచాను. గాజు గొట్టంలో ఇటుక రంగు పోయి పసుపు, పసుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. కాంపౌండరు గొట్టం సరిగా కడగలేదేమోనని నేనే కడిగి మళ్ళీ కాచమన్నాను. అప్పుడూ ఆకుపచ్చే.

అంతలో ఎవరో తాలూకా ఆఫీసులో చెప్పారు. నిధి దొరికితే సర్కారుది. రెవిన్యూ ఇన్స్పెక్టరు వచ్చి నన్ను ప్రశ్నలడిగి, ఆ రాయి చూపించమన్నాడు. ఆయనది మంచి పొట్ట, దారి మధ్యలోనే ఆయాసం వచ్చి కూర్చున్నాడు. తిరిగి వచ్చాక మర్యాదగానే, "ఇక ఆ దిక్కు పోకండి. పోతే పైకి రాయాల్సి వస్తుంది" అన్నాడు. నాకు ఆత్మకూరు గుర్తుకొచ్చింది. జైలు భయం ఒక పక్క, పరువు ఒక పక్క. నడక ఆపేశాను. బజారు వీధిలో పచార్లు చేద్దామంటే అక్కడా జనం నా వెనకే. తలుపు వేసుకుని కూర్చున్నాను.

వారం తిరిగేసరికి గొట్టంలో ఆకుపచ్చ పోయి పసుపు వచ్చింది. ఆ తరవాత ఒకనాడు ఎడమ పాదంలో, తీసేసిన వేళ్ళ పక్కన, వడ్లగింజంత నల్లమచ్చ కనిపించింది. అక్కకు చూపించాను. ఆమె నాయన కాలు కడిగిన మనిషి. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. ఈసారి మోకాలి దాకా పోతుందని నాకు తెలిసిపోయింది. అంత భయం నేను ఆపరేషన్ బల్ల మీద కూడా పడలేదు.

ఆ పూటే పెంచలరెడ్డి వచ్చాడు. ఆయన్ను చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసులో చెప్పింది మీరే, నిధి మీకు దక్కలేదన్న దుగ్ధతో చెప్పారు, నా కాలు మీ పేరు చెప్పుకుని పోతుంది అని ముఖం మీదే అన్నాను. ఆయన అరుగు మీద మెల్లగా, రెండు చేతులూ తొడల మీద ఆనించి కూర్చున్నాడు. ఆ కూర్చునే తీరు అంతకు ముందెన్నడూ నేను గమనించలేదు.

"నిధి లేదని నాకు తెలీదా శెట్టీ? మా తాత తవ్వినాడు, మా నాయన తవ్వినాడు. వాళ్ళకు దొరికింది నడుంనొప్పి" అన్నాడు.

మరి రెండేళ్ళు నా వెనక ఎందుకు తిరిగారని అడిగాను. ఆయన వీధిలోకి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"మోకాళ్ళు పట్టేసినాయి. డాక్టరు నడవమన్నాడు. ఏం చెప్పి నడిచేది? పొలానికి పోను బండి ఉండాది, చేసేదానికి జీతగాళ్ళు ఉండారు. ఊరికే నడిస్తే రెడ్డి ఎద్దులు అమ్ముకున్నాడంటారు. మోకాళ్ళ నొప్పంటే ముసలోడైనాడు, ఇంక పెత్తనం ఎందుకంటారు. శెట్టి నిధి కోసం తిరుగుతుండాడు, కనిపెడతా ఉండానని చెప్పినాను. మా ఇంట్లోవాళ్ళే పొద్దున్నే లేపి, కాఫీ ఇచ్చి పంపించినారు."

నేను వెంటనే నమ్మలేదు. ఇది కూడా నాటకమేమోనని ఆయన ముఖం చూస్తూ ఉన్నాను. "ఆఫీసులో చెప్పిందెవరో నాకు తెలీదు. నువ్వు మానుకుంటే నేనేం చెప్పి పొయ్యేది? వారంగా నాకూ లేవడం కష్టంగా ఉండాది" అన్నాడు. లాభనష్టాలు చూసే బుర్రకు ఆ మాట తూకానికి సరిపోయింది. మనిషి తన మోకాళ్ళకు చేటు చేసుకుని అర్జీ పెట్టడు.

మరునాడు ఇద్దరం కలిసి ఇన్స్పెక్టరు దగ్గరికి పోయాము. ఆయన నడిబజారులో నలుగురి మధ్య ఉన్నాడు. నేను చెప్పు విప్పి గుడ్డ తీసి మచ్చ చూపించాను. పెంచలరెడ్డి పంచె పైకి లాగి, వాచిన మోకాళ్ళు రెండూ అందరి ముందూ చూపించాడు. ఊళ్ళో పెద్దరికమంతా ఆ పంచె అంచున పట్టుకుని నిలబడ్డాడు. ఇన్స్పెక్టరు నా పాదం చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. పొండి, నడుచుకోండి, నేను చూసుకుంటాను అన్నాడు.

బజారు మాత్రం నమ్మలేదు. రెడ్డీ శెట్టీ వాటాలు కుదుర్చుకుని ఇన్స్పెక్టరును కూడా కలుపుకున్నారన్నారు. ఆ మాట విని పెంచలరెడ్డి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆయన పెత్తనానికి ఏ లోటూ రాలేదు. మచ్చ పెచ్చు కట్టి రాలిపోయింది. కాంపౌండరు గొట్టం ఎత్తి పట్టుకుని, "ఈరోజు నీలం శెట్టిగారూ" అన్న రోజున మా అక్క కొబ్బరికాయ కొట్టింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక నేను ఆత్మకూరు తిరిగి వచ్చాను. కంట్రోళ్ళు పోయాయి, అంగడి కొడుకు చూసుకుంటున్నాడు. ఇప్పుడు నేను ఎటు నడిచినా పట్టించుకునే నాథుడు లేడు. అదే ప్రమాదమని నెలలోనే తెలిసింది. అడిగేవాడు లేకపోతే ఈరోజు చలి, రేపు నీరసం. అందుకని నేనే ఒక పని చేశాను. కర్రకు ఇనుప పొన్ను వేయించుకున్నాను. తోటల దారిలో ఒకచోట ఆగి, చుట్టూ చూసి, నేల మీద రెండుసార్లు పొడిచి పోయేవాణ్ణి. ఎవరైనా ఏంది శెట్టిగారూ అంటే ఏమీ లేదని చెప్పేవాణ్ణి. అది నిజమే. పది రోజులు తిరక్కముందే నూనె మిల్లాయన నా వెనక వేపపుల్లలు విరవడం మొదలుపెట్టాడు. ఈమధ్య ఆయన పొట్ట తగ్గింది.

పెంచలరెడ్డి ఇంకా నడుస్తున్నాడు. మొన్న వచ్చినవాళ్ళతో, తన వాటా కూడా నేనే మింగేశానని ఊళ్ళో అనుకుంటున్నట్టు కబురు చేశాడు.

నడవమని డాక్టరు చెప్పినవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మంచి చెప్పులు, మంచి దారి డాక్టరే చెబుతాడు. మీరు ఒక పూట రాకపోతే ఊరుకోక, మీ అరుగు మీదికి వచ్చి కూర్చునే మనిషిని ఒకరిని చూసుకోండి. ప్రేమ ఉన్నవాళ్ళు జాలిపడి పడుకోనిస్తారు. అనుమానం ఉన్నవాడు లేపుకుని పోతాడు. నా ఎడమ కాలికి ఇప్పటికీ మూడు వేళ్ళున్నాయి. నన్ను నమ్మనివాళ్ళు నిలబెట్టిన వేళ్ళవి.